సైకిలు పందెగాండ్రకు విరామకాల సాధకము

పంట యింటికి వచ్చిన పిమ్మట రైతు పొలమును మఱచిపోవునా? మఱచిపోఁడు. కొన్నాళ్లు నేలకును ఎడ్లకును విశ్రాంతి యిచ్చును. వేసవిలో నాలుగు చినుకులు పడఁగానే నాఁగలి కట్టి దుక్కి దున్నును, ఎరువు తోలును, గట్లు సరిచేసికొనును. తొలకరి వచ్చునప్పటికి ఆతని చేను విత్తనమునకు సిద్ధమై యుండును. అట్లు చేయనివాని చేను చూపునకు విశ్రాంతి పొందినట్లే కనుపించును గాని, నిజమునకు బీడువడి కలుపు పట్టియుండును. సైకిలు పందెములయందు ఆసక్తి గల విద్యార్థులు ఈ యుపమానమును మనసునం దుంచుకొని యీ వ్యాసమును చదువఁగోరుచున్నాను. పందెములు లేని కాలము బీడు పెట్టవలసిన కాలము కాదు. దుక్కి దున్నవలసిన కాలము.

ఈ మాట నేను పుస్తకములు చదివి తెలిసికొన్నది కాదు. మోఁకాలు చెడఁగొట్టుకొని తెలిసికొన్నది. తొమ్మిదవ తరగతి చదువుచున్న యేఁట, జనవరి మాసమున, పాఠశాలల సైకిలు పందెములో నేను మొదటివాఁడనుగా వచ్చితిని. ఆ గర్వము తలకెక్కి, ఫిబ్రవరి మొదలు డిసెంబరు దాఁక సైకిలును ముట్టనైనను ముట్టలేదు. వసతిగృహమున నుండువాఁడను గావున బడికి సైకిలుపై రావలసిన పనియు లేకపోయెను. మరుసటి పందెమునకు మూఁడు వారములు మాత్రమే గడు వుండఁగా మేలుకొంటిని. మా పెదనాన్నగారి కుమారుఁడు, మా అన్నయ్య, తాను కూడఁబెట్టిన డబ్బుతోఁ గొన్న గేర్ల సైకిలును నా కెరువిచ్చెను. దినమునకు 60 కిలోమీటర్లు, అందును మిక్కిలి బరువైన గేరులో, త్రొక్కసాగితిని. తొమ్మిదవ నాఁడు కుడి మోఁకాలి ముందుభాగమున నొప్పి పుట్టెను. ఎవ్వరికిని చెప్పక పండ్లు బిగఁబట్టి మఱి రెండు దినములు త్రొక్కితిని. పండ్రెండవ నాఁటి యుదయమున వసతిగృహపు మెట్లు దిగలేకపోయితిని.

పందెపు దినమున నేను రోడ్డు ప్రక్క నిలువఁబడి ఇతరులకు నీళ్ల సీసా లందించుచుంటిని. మా వ్యాయామోపాధ్యాయులు నా ప్రక్కకు వచ్చి, “నాయనా, ఈ పందెములో నీ వెప్పు డోడిపోతివో యెఱుఁగుదువా?” అని యడిగిరి. “నేఁడే గదా, మాస్టరుగారూ!” అంటిని. “కాదు. నీవు మార్చిలోనే యోడిపోతివి” అనిరి. ఆ మాటలోని సత్యమును నాకుఁ దెలిసినంతవఱకు విశదపఱచుటయే ఈ వ్యాసోద్దేశము.

మొదట, ఈ క్రీడ వేళ్లు పాఱిన ఐరోపా దేశములవారు విరామకాలమును ఎట్లు గడుపుదురో చూతము. అచ్చట గొప్ప రోడ్డు పందెముల కాలము వసంతారంభమున మొదలగును. ఇటలీ దేశమున సముద్రతీరమునకు సుమారు 300 కిలోమీటర్లు సాగు మిలాన్–సాన్ రెమో పందెము మార్చిలో జరుగును. 1903లో ఆరంభమైన టూర్ ద ఫ్రాన్స్ సాధారణముగా జూలైలో జరుగును. అక్టోబరులో ఇటలీలోని లొంబార్డీ పందెముతో గొప్ప పందెములు ముగియుటకు వచ్చును. పిమ్మట శీతకాలము, ఉత్తర ఐరోపాలో మంచును చీఁకటియు రోడ్లను గ్రమ్ముకొనును. ఆ మూఁడు నాలుగు మాసములే వారికి విరామకాలము.

అప్పుడు వారు చేయు మొదటి పని విశ్రాంతి. సంవత్సరమంతయు శ్రమించిన పందెగాండ్రు సామాన్యముగా రెండు మొదలు నాలుగు వారముల వఱకు సైకిలును ప్రక్కన బెట్టుదురు. పిదప నెమ్మదిగాఁ ద్రొక్కనారంభింతురు. డిసెంబరు, జనవరి మాసములలో అనేక జట్లు చలి తక్కువగా నుండు స్పెయిన్ దేశపు తీరమునకును, మల్లోర్కా ద్వీపమునకును బోయి దీర్ఘమైన సవారీలు చేయును. వేఱు కొందఱు సైక్లోక్రాస్ అను శీతకాలపు క్రీడలో పాల్గొందురు. అది బురదలోను, ఇసుకలోను, గడ్డిలోను సైకిలు త్రొక్కుచు, త్రొక్కరాని చోట దిగి సైకిలును భుజముపై వేసికొని పరుగెత్తు క్రీడ. 1910లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఒక్తావ్ లపీజ్ దానియందు ఆరితేఱినవాఁడు. 1950లో పారిస్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైక్లోక్రాస్ పోటీలో గెలిచిన జాఁ రొబిక్ అంతకు మూఁడేండ్లకు ముందే టూర్ ద ఫ్రాన్స్ గెలిచియుండెను. మన కాలమునకు వచ్చినచో, నెదర్లాండ్సు దేశస్థుఁడగు మాత్యూ వాన్ డెర్ పూల్ 2023 ఫిబ్రవరిలో సైక్లోక్రాస్ ప్రపంచవిజేతయై, ఆ సంవత్సరముననే మిలాన్–సాన్ రెమోను, పారిస్–రుబే పందెమును, ఆగస్టులో రోడ్డు ప్రపంచ పోటీని సయితము గెలిచెను. బురదలో నేర్చిన నిలుకడయు, కాలిబలమును రోడ్డుపైఁ గూడ నుపయోగించునని యిందువలనఁ దెలియుచున్నది.

ఇఁక నీ విరామకాలమున శరీరములో నేమి జరుగునో తెలిసికొందము. సాధకము చేసినవాని గుండె ఒక్కొక్క స్పందనమునకు ఎక్కువ రక్తమును బంపును. శరీరమునఁ బ్రవహించు రక్తపు పరిమాణముగూడ వృద్ధి పొందును. కండరములలో సన్నని రక్తనాళములు దట్టమగును. ప్రాణవాయువును వాడుకొని శక్తిని బుట్టించు మైటోకాండ్రియా లను సూక్ష్మభాగములు ప్రబలును. ఇవన్నియుఁ గలసి, ఒక్క నిమిషమున శరీరము గరిష్ఠముగా ఎంత ప్రాణవాయువును వినియోగింపఁగలదో నిర్ణయించును. దీనినే పందెగాని యూపిరి బలమని చెప్పవచ్చును.

సాధకము మానినచో ఈ బలము ఎంత కాలము నిలుచును? 1984లో అమెరికా దేశమున ఎడ్వర్డ్ కోయిల్ మొదలగు శాస్త్రజ్ఞులు బాగుగా సాధకము చేసిన ఏడుగురిచే 84 దినములు సాధకము మాన్పించి పరీక్షించిరి. మొదటి మూఁడు వారములలోనే వారి యూపిరి బలము నూటికి 7 వంతులు తగ్గెను. ఎనిమిది వారములకు నూటికి 16 వంతులు తగ్గి అచ్చట నిలిచెను. అయినను కండరములలోని సన్నని రక్తనాళముల సాంద్రత మాత్రము తగ్గలేదు. దీనినుండి రెండు సంగతులు గ్రహింపవలెను. రెండు మూఁడు వారముల విశ్రాంతివలనఁ గలుగు నష్టము స్వల్పము. దానిని మరలఁ బూడ్చుకొనవచ్చును. కాని మాసములకొలఁది మానుట కూడఁబెట్టిన ధనమును కూర్చుండి తినుటవంటిది.

నా మోఁకాలి కథకు మూలమైన సంగతి మఱియొకటి యున్నది. మరల సాధకము మొదలుపెట్టినప్పుడు రక్తమును గుండెయుఁ ద్వరగా బలపడును. కండరములు అంతకంటె నెమ్మదిగా బలపడును. కండరమును ఎముకకుఁ గట్టివైచు త్రాళ్లవంటి స్నాయువులు అన్నింటికంటె నెమ్మదిగా బలపడును. కావున రెండు వారములు త్రొక్కఁగానే పందెగానికి “నాకు బలము వచ్చినది” అని తోఁచును. ఊపిరి యాడుచున్నది, కాళ్లు తిరుగుచున్నవి. కాని మోఁకాలిని బట్టియుంచు త్రాళ్లు మాత్రమింకను సిద్ధముగా లేవు. ఆ తొందరపాటే మోఁకాటినొప్పికిఁ దఱచుగాఁ గారణమగుచున్నది. యుద్ధకాలమున శస్త్రాభ్యాసము పనికిరాదని పెద్దలు చెప్పుట యిందుకే.

మన తెలుఁగుదేశమున ఋతువులు ఐరోపాలోవలె నుండవు. మనకు సైకిలు త్రొక్కుటకు హాయియైన కాలము నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు గల చలికాలమే. మనకు విరామకాలమును దెచ్చునది మంచు కాదు. మొదట ఎండ, పిమ్మట వాన. కావున వారి పద్ధతిని మన మాసములకుఁ ద్రిప్పుకొని, దానిని నాలుగు భాగములుగా విభజింతును.

మొదటి భాగము విశ్రాంతి. మార్చి మాసము దీనికిఁ దగినది. మన విద్యార్థులకుఁ బరీక్షలును అప్పుడే గదా! రెండు మూఁడు వారములు పందెపు మాటయే తలపెట్టరాదు. నడక, ఈఁత, బంతియాట మొదలగు వానితో వినోదింపవచ్చును. ఇది సోమరితనము కాదు. శరీరమునకుఁ బట్టిన దెబ్బలు మానుటకును, మనసునకు మరలఁ గోరిక పుట్టుటకును ఈ విరామము అవసరము.

రెండవ భాగము బలసాధకము. ఏప్రిలు, మే మాసములలో ఎండలు మండుచుండును గావున సవారీలు తగ్గించి, నీడపట్టున నుండి కాళ్లకును నడుమునకును బలము చేకూర్చుకొనవలెను. నార్వే దేశమున రోన్‌స్టాడ్ మొదలగువారు 2010లో ప్రకటించిన పరిశోధనలో, పందెములకు ముందు 12 వారములు వారమునకు రెండుసారులు బరువులతో కాలిబలము సాధించి, పందెముల కాలమున వారమున కొక్కసారి దానిని నిలుపుకొన్న పందెగాండ్రు, సైకిలు మాత్రమే త్రొక్కినవారికంటె మేలైన ఫలితము పొందిరి. పాఠశాల విద్యార్థులు బరువులకై వెదకవలసిన పని లేదు. మన తాతలనాఁటి బస్కీలును, దండీలును చాలును. వారమునకు రెండు మూఁడు దినములు, దినము విడిచి దినము, 10 మొదలు 15 బస్కీల చొప్పున మూఁడు వరుసలు తీయుఁడు. ఒంటికాలితో మెట్టెక్కి దిగుట, మడమలు పైకెత్తి దించుట, మోచేతులపై శరీరమును తిన్నఁగా నిలుపుట అను వానిని జేర్చుఁడు. ఈ సాధకమువలన నింకొక లాభమును గలదు. సైకిలుపై మన బరువును జీను మోయును గాని యెముకలు మోయవు. అందుచే సైకిలు మాత్రమే త్రొక్కువారి యెముకలు తగినంత గట్టిపడవు. నడక, పరుగు, గెంతుట, మెట్లెక్కుట యీ లోపమును దీర్చును.

మూఁడవ భాగము పునాది. జూన్ మొదలు ఆగస్టు వఱకు నెమ్మదియైన దీర్ఘసవారీలు చేయవలెను. వాన తెఱపి యిచ్చిన వేళల నెన్నుకొనవలెను. తేలికయైన గేరులో, నిమిషమునకు 80 మొదలు 90 చుట్లు కాళ్లు తిరుగునట్లు త్రొక్కుఁడు. వేగము సరియైనదో కాదో తెలిసికొనుటకు యంత్రము లక్కఱలేదు. ప్రక్కనున్న స్నేహితునితో మాట తెగకుండ సంభాషింపఁగలిగినచో నది సరియైన వేగము. మాటకు మాటకు నడుమ రొప్పు వచ్చినచో తగ్గింపవలెను. “ఇంత నెమ్మదిగాఁ ద్రొక్కి పందెమెట్లు గెలుతుము?” అని కొందఱు నవ్వుదురు. నార్వేలో పనిచేయు స్టీఫెన్ సైలర్ అను శాస్త్రజ్ఞుఁడు ఉత్తమ శ్రేణి క్రీడాకారుల సాధకమును బరిశీలించి, వారి సాధకములో నూటికి సుమారు 80 వంతులు ఇట్టి నెమ్మదియైనదే యని కనుఁగొనెను. గెలుచువాఁడు దినదినము రొప్పువాఁడు కాఁడు. నిదానమే ప్రధానమను సామెత యిచ్చట నక్షరాల నిజము.

దూరమును బెంచుటయందును మితము పాటింపవలెను. మొదటి వారమున మొత్తము 80 కిలోమీటర్లు త్రొక్కినచో, రెండవ వారమున 88, మూఁడవ వారమున 97 దాఁటకుండఁ జూచుకొనుఁడు. నాల్గవ వారమున 70 కిలోమీటర్లకుఁ దగ్గించి శరీరమునకు విరామ మిండు. అనఁగా, వారమునకుఁ బదియవ వంతు మాత్రమే పెంచుట, మూఁడు వారముల శ్రమకు ఒక వారపు సడలింపు. గ్రామములనుండి దినమునకుఁ బది పండ్రెండు కిలోమీటర్లు సైకిలుపై బడికి వచ్చిపోవు విద్యార్థులు ఆ దూరమునుగూడ లెక్కలోఁ జేర్చుకొనవలెను. మీకుఁ దెలియకుండనే మీరు పునాది వేసికొనుచున్నారు. పట్టణములోని తోటివారు మిమ్ముఁ జూచి యీర్ష్యపడవలసిన దే గాని, మీరు చిన్నబోవలసిన పని లేదు.

నాల్గవ భాగము వేగము. సెప్టెంబరు, అక్టోబరు మాసములలో వారమునకు ఒకటి రెండు దినములు మాత్రమే తీవ్రముగాఁ ద్రొక్కవలెను. ఇందులకు సులభమైన పద్ధతి యొకటి కలదు: 15 నిమిషములు నెమ్మదిగాఁ ద్రొక్కి శరీరమును వేడిచేసికొని, 4 నిమిషములు గట్టిగాను, 3 నిమిషములు నెమ్మదిగాను, ఇట్లు నాలుగు మాఱులు త్రొక్కుట. తక్కిన దినములలో పూర్వమువలె నిదానమే. పందెమునకు రెండు వారములు ముందు దూరమును సుమారు సగమునకుఁ దగ్గింపుఁడు. వేగమును మాత్రము పూర్తిగా విడువకుఁడు. అప్పుడు శరీరము అలసట తీర్చుకొని, సంవత్సరమంతయు దాఁచుకొన్న బలమును బయటపెట్టును.

కొన్ని జాగ్రత్తలు చెప్పవలసియున్నవి. జీను మిక్కిలి క్రిందుగా నున్నచో మోఁకాలి ముందుభాగమున నొత్తిడి హెచ్చును. జీనుపైఁ గూర్చుండి, మడమను పెడలుపై నుంచి, పెడలును క్రిందికిఁ దెచ్చినప్పుడు కాలు తిన్నఁగా సాఁగవలెను. ఆ మీఁదట పాదపు ముందుభాగముతోఁ ద్రొక్కునప్పుడు మోఁకాలు కొంచెము వంగియుండును. అదియే సరియైన యెత్తు. ఎరువు తెచ్చిన సైకిలుపై నేను జీను సరిచేసికొనలేదని తరువాత మా వ్యాయామోపాధ్యాయులు చూచి చెప్పిరి. ఒక చిన్న మర త్రిప్పినచోఁ దీఱు దోషమును నేను మోఁకాటితో మోసితిని.

నొప్పిని దాఁచిపెట్టరాదు. అలసట వేఱు, నొప్పి వేఱు. త్రొక్కిన మఱునాఁడు కండరములు బరువుగా నుండుట సహజము. అది రెండు దినములలోఁ బోవును. కీలులో ఒకేచోట పుట్టి దినదినము పెరుగు నొప్పి హెచ్చరిక. అప్పుడు సైకిలు దిగి ఉపాధ్యాయులకో తల్లిదండ్రులకో చెప్పి వైద్యునికిఁ జూపించుకొనవలెను.

ఎండకాలమున సూర్యోదయమునకు ముందే సవారీ ముగించుకొనుట మేలు. శరీరము ఎండకు అలవాటుపడుటకు సుమారు రెండు వారములు పట్టును గావున మొదట స్వల్పకాలమే త్రొక్కవలెను. నీళ్లును, ఉప్పు వేసిన మజ్జిగయు త్రావుచుండవలెను. తల తిరిగినను, మాట తడఁబడినను తక్షణమే నీడకుఁ జేరి శరీరమును జల్లబఱచి, సాయమునకుఁ బిలువవలెను. వానకాలమున బ్రేకులు ఆలస్యముగాఁ బట్టును. రోడ్డుపై వేసిన రంగు గీతలును, ఇనుప మూఁతలును జారును. కావున మలుపులయందు ముందే వేగము తగ్గింపవలెను. శిరస్త్రాణము లేక రోడ్డెక్కరాదు.

నిద్రయుఁ గూడ సాధకములోని భాగమే. మన వయసు బాలబాలికలకు రాత్రి 8 మొదలు 10 గంటల నిద్ర అవసరము. శరీరము బలపడునది త్రొక్కునప్పుడు కాదు. త్రొక్కిన పిమ్మట తిని, నిద్రించునప్పుడు. అన్నము, పప్పు, కూరలు, పాలు, గ్రుడ్లు, వేరుసెనగలు, అరఁటిపండ్లు మొదలగు మన యింటి యాహారమే చాలును. సైకిలునుగూడ మఱవరాదు. విరామకాలమున చెయిను కడిగి నూనె వేయుట, అరిగిన బ్రేకుబిళ్లలు మార్చుట, చక్రముల వంపు తీయించుట చేసికొన్నచో పందెపు దినమున దారిలో ఆగవలసిన గతి పట్టదు.

కడపటి మాట యొకటి. ఆ యేఁడు వైద్యుని సలహాపై రెండు మాసములు సైకిలు ముట్టక, పిమ్మట మా మాస్టరుగారు కాగితముపై వ్రాసి యిచ్చిన పద్ధతిని తు.చ. తప్పక యనుసరించితిని. అందులో మొదటి వారమున కెదురుగా “నడువుము” అను నొక్క మాటయే యుండెను. ఆ కాగితము నాకుఁ గొంత యవమానముగాఁ దోఁచినను మీఱలేదు. మరుసటి చలికాలమున, కళాశాల విద్యార్థిగా పందెమున నిలిచితిని. మొదటివాఁడనుగా రాలేదు, నాల్గవవాఁడనుగా వచ్చితిని. కాని కడపటి గట్టు ఎక్కునప్పుడు నా మోఁకాలు నొప్పి యనలేదు, ఊపిరి తెగలేదు, నా ముందున్న యిద్దఱిని దాఁటితిని. తొమ్మిదవ తరగతిలో గెలిచిన పందెముకంటె ఆ నాల్గవ స్థానమే నాకు నేఁటికిని తృప్తి నిచ్చుచున్నది. ఏలయన, మొదటిది బాల్యపు చురుకుఁదనము నాకు ఊరక యిచ్చినది. రెండవది నేను దున్ని పండించుకొన్నది.

కావున ప్రియ విద్యార్థులారా! మీ పాఠశాలలో ఈ సంవత్సరపు పందెములు ముగిసినవి. గెలిచినవారు మురియుఁడు; ఓడినవారు కొన్నాళ్లు విశ్రమింపుఁడు. ఆపై, ఎవ్వరును చూడని యుదయములలో, చప్పట్లు లేని రోడ్లపై, రాఁబోవు చలికాలమునకై నేఁడే నాఁగలి కట్టుఁడు.

— ఒక పూర్వ విద్యార్థి